అమ్మానాన్న మెల్‌బోర్న్ రావాలి, చీప్ టికెట్ ఏ ఊరు మీదుగా తీయాలి? ట్రాన్సిట్ వీసా లెక్కలు

హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్‌కి గానీ సిడ్నీకి గానీ డైరెక్ట్ ఫ్లైట్ లేదు. ఊరి నుంచి ఎవరొచ్చినా మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి ఎక్కాల్సిందే. అందుకే ఇక్కడ ఆస్ట్రేలియాలో మనవాళ్ళు నలుగురు కలిస్తే వచ్చే మొదటి ప్రశ్న "మీ పేరెంట్స్‌ని ఎటు మీదుగా తెప్పించారు" అనే. టికెట్ సైట్ ఓపెన్ చేస్తే కౌలాలంపూర్, సింగపూర్, బ్యాంకాక్, హో చి మిన్ సిటీ అన్నీ వరసగా కనిపిస్తాయి, రేట్లు చూస్తే ఒకదాన్ని మించి ఒకటి చవక, కానీ ఆ చవక వెనకాల ట్రాన్సిట్ వీసా, అంటే మధ్యలో ఫ్లైట్ మారే దేశం అడిగే వీసా, అనే సంగతి ఒకటుంది. అది టికెట్ కొనేటప్పుడు ఎవరూ చెప్పరు, శంషాబాద్ చెకిన్ కౌంటర్ దగ్గర అడుగుతారు. నేను మా అమ్మానాన్నల్ని మూడు సార్లు తెప్పించాను, మొదటిసారి తెలియక చాలా టెన్షన్ పడ్డాం, అందుకే తెలిసినంత వివరంగా రాస్తున్నాను. ఇదంతా ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి. ఆస్ట్రేలియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి లెక్క వేరు.

దేశం కంటే ముందు పీఎన్ఆర్ చూడాలి

చాలామంది "సింగపూర్‌లో ట్రాన్సిట్ వీసా కావాలా" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు లేదు, ఎందుకంటే అదే సింగపూర్‌లో అదే రోజు దిగిన ఇద్దరిలో ఒకరికి వీసా అక్కర్లేకపోవచ్చు, ఇంకొకరికి కావాల్సి రావచ్చు. తేడా అంతా టికెట్ ఎలా కొన్నారన్న దాంట్లో ఉంది.

రెండు ఫ్లైట్లూ ఒకే బుకింగ్‌లో, ఒకే పీఎన్ఆర్ కింద ఉంటే మామూలుగా సూట్‌కేసు హైదరాబాద్‌లో వేస్తే మెల్‌బోర్న్‌లోనే దిగుతుంది. మనిషి మధ్యలో ట్రాన్స్‌ఫర్ బోర్డు పట్టుకుని ఇంకో గేటుకి వెళ్తే చాలు, ఆ దేశం ఇమ్మిగ్రేషన్ ముఖం చూడక్కర్లేదు, కాబట్టి ఈ నాలుగు ఊళ్ళలో వీసా ప్రశ్నే రాదు. అదే రెండు వేరే వేరే టికెట్లు అయితే, అంటే హైదరాబాద్ నుంచి ఒక ఎయిర్‌లైన్, అక్కడి నుంచి ఇంకో లో కాస్ట్ ఎయిర్‌లైన్ అయితే, మొదటి వాళ్ళు సామాను వాళ్ళ చివరి స్టాప్ దాకానే తెస్తారు. అక్కడ బెల్ట్ మీద నుంచి తీసుకోవాలి. ఆ బెల్ట్ ఇమ్మిగ్రేషన్ అవతల ఉంటుంది. అంటే మీరు ఆ దేశంలోకి అడుగుపెట్టినట్టే, అడుగుపెట్టాలంటే ఆ దేశం ఎంట్రీ రూల్ మీకు వర్తిస్తుంది. బుకింగ్ సైట్లలో దీన్నే సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని చిన్న అక్షరాల్లో రాస్తారు. ఆ మాట కనిపిస్తే అక్కడ ఆగి ఆలోచించండి.

లో కాస్ట్‌లోనే ఈ గొడవ ఎందుకంటే, పెద్ద ఎయిర్‌లైన్లకి ఒకరి సామాను ఒకరు మోసే ఒప్పందాలు ఉంటాయి, లో కాస్ట్ వాళ్ళలో చాలామంది అవి పెట్టుకోరు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దింపడం వరకే మా పని అంటారు. రేటు తగ్గడానికి అదీ ఒక కారణం. దాంతోపాటు మొదటి ఫ్లైట్ లేటై రెండోది మిస్సయితే రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం ఉండదు, కొత్త టికెట్ మీ డబ్బుతో కొనుక్కోవాలి. కొన్ని సైట్లు మిస్సయితే మేం చూసుకుంటాం అని గ్యారంటీ అమ్ముతాయి గానీ షరతులు చదవండి, వీసా బాధ్యత ప్రయాణికుడిదే అని రాసి ఉంటుంది.

చెకిన్ కౌంటర్ వాళ్ళు ఇంత గట్టిగా ఎందుకు అడుగుతారని నాన్న అప్పట్లో కోప్పడ్డారు. సరైన పేపర్లు లేని మనిషిని తీసుకెళ్తే ఆ దేశం ఎయిర్‌లైన్‌కి ఫైన్ వేస్తుంది, వెనక్కి తెచ్చే ఖర్చు కూడా వాళ్ళదే. అందుకని వాళ్ళు టైమాటిక్ అనే సిస్టమ్‌లో మన పాస్‌పోర్ట్, వీసా, రూటు కొట్టి చూస్తారు, అందులో ఏం వస్తే అదే చేస్తారు. మనం ఎంత బతిమాలినా స్క్రీన్ మీద వచ్చిందే లెక్క.

మొదటిసారి ఏం జరిగిందంటే

అప్పుడు సింగపూర్ మీదుగా రెండు వేరే టికెట్లు తీశాను, కలిపి కొంటే వచ్చే దానికన్నా ఇద్దరికీ కలిపి ఇరవై రెండు వేలు మిగిలింది, సంతోషపడ్డాను. వాళ్ళ ఆస్ట్రేలియా వీసాకి ఇంకా 11 నెలల గడువుంది కాబట్టి సింగపూర్‌లో బయటికి రావడానికి ఇబ్బంది లేదని చదువుకున్నాను కూడా. కానీ కౌంటర్ దగ్గర అమ్మాయి మూడు అడిగింది: ముందుకి వెళ్ళే టికెట్ ఏది, ఆస్ట్రేలియా వీసా పేపర్ ఏది, సింగపూర్ అరైవల్ కార్డు నింపారా అని. టికెట్ నా మెయిల్‌లో ఉంది. వీసాకి స్టిక్కర్ ఉండదు, అంతా ఎలక్ట్రానిక్, ఆ లెటర్ కూడా నా మెయిల్‌లోనే ఉంది. అరైవల్ కార్డు అంటే దిగే ముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం, ఆ సంగతి నేను మర్చిపోయాను. నాన్న ఫోన్‌లో డేటా అయిపోయింది, అమ్మ పక్కన సూట్‌కేసుల మీద కూర్చుని నా నంబర్‌కే మళ్ళీ మళ్ళీ చేస్తోంది. నేను ఇక్కడ అర్ధరాత్రి దాటాక లేచి కూర్చుని ఒక్కో పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపుతుంటే, వెనక లైన్‌లో ఎవరో పుణ్యాత్ముడు హాట్‌స్పాట్ ఇచ్చాడు. కౌంటర్ మూసే పది నిమిషాల ముందు బోర్డింగ్ పాసులు చేతికొచ్చాయి. వీసా రూల్ మాకు అనుకూలంగానే ఉంది, చూపించడానికి కాగితం లేదు, అంతే తేడా. అరవై ఏళ్ళు దాటినవాళ్ళకి ఆ నలభై నిమిషాలు ఎలా గడుస్తాయో పక్కన లేని మనకి తెలీదు.

కౌలాలంపూర్

ఎయిర్ ఏషియా హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి మెల్‌బోర్న్, సిడ్నీ, పెర్త్‌కి ఎయిర్ ఏషియా ఎక్స్ ఉంది. రెండూ కలిపి ఒకే బుకింగ్‌లో తీసుకుంటే దాన్ని ఫ్లై త్రూ అంటారు. లో కాస్ట్‌లో ఇలా సామాను చివరిదాకా వెళ్ళే ఏర్పాటు ఉండటం మనకి పెద్ద వరం. మలేషియా ఇమ్మిగ్రేషన్ దాటక్కర్లేదు, అంతా టెర్మినల్ 2 లోపలే జరుగుతుంది. అదే కంపెనీవి అయినా రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఫ్లై త్రూ కాదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మా ఫ్రెండ్ ఒకరు సేల్‌లో ముందు ఒకటి, వారం తర్వాత ఇంకోటి కొని ఇలాగే ఇరుక్కున్నారు.

రెండు బుకింగ్‌లు అయినా ఇక్కడ దారి మూసుకుపోదు. 2023 డిసెంబర్ 1 నుంచి మలేషియా మనవాళ్ళకి 30 రోజుల వీసా ఫ్రీ ఇచ్చింది, దాన్ని 2026 డిసెంబర్ 31 వరకు పొడిగించారు. కాబట్టి బయటికొచ్చి సామాను తీసుకుని మళ్ళీ చెకిన్ చేయొచ్చు. కాకపోతే ఎండీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాలి, అది ఫ్రీ, గవర్నమెంట్ సైట్‌లోనే నింపండి, డబ్బులడిగే సైట్లు చాలా ఉన్నాయి. ఇమ్మిగ్రేషన్ దాటకుండా ఫ్లై త్రూలో వెళ్ళేవాళ్ళకి ఈ కార్డు అక్కర్లేదు.

ఇంకో మెలిక టెర్మినల్. మలేషియా ఎయిర్‌లైన్స్ టెర్మినల్ 1లో దిగుతుంది, ఎయిర్ ఏషియా టెర్మినల్ 2 నుంచి ఎగురుతుంది. ఈ రెండూ కలిపి వేరే టికెట్లు తీస్తే లోపలి నుంచి దారి లేదు, బయటికి రావాలి. మధ్యలో రైలు మూడు నిమిషాలే, టికెట్ 2 రింగిట్లు, ఆ రైలు పెద్ద కష్టం కాదు గానీ ఇమ్మిగ్రేషన్ లైన్ ఎంతసేపు పడుతుందో చెప్పలేం. ఆరు గంటల గ్యాప్ లేకపోతే నేనైతే కొనను.

సింగపూర్

సింగపూర్ ఎయిర్‌పోర్ట్ చాంగీలో ట్రాన్సిట్ లోపలే ఉంటే వీసా లేదు, ఫారం లేదు. స్కూట్ అనే లో కాస్ట్ ఎయిర్‌లైన్ విశాఖపట్నం నుంచి నేరుగా సింగపూర్‌కి వెళ్తుంది కాబట్టి ఉత్తరాంధ్ర వాళ్ళకి ఇది చాలా మంచి దారి, అక్కడి నుంచి మెల్‌బోర్న్, సిడ్నీ, పెర్త్‌కి స్కూట్‌దే ఒకే బుకింగ్‌లో తీసుకోవచ్చు. హైదరాబాద్ దాకా వచ్చి ఒక రాత్రి చుట్టాలింట్లో పడుకుని మళ్ళీ ఎయిర్‌పోర్ట్‌కి పరిగెత్తే పని తప్పుతుంది.

రెండు బుకింగ్‌లు, ఉదాహరణకి ఇండిగోలో సింగపూర్ దాకా వచ్చి జెట్‌స్టార్‌లో మెల్‌బోర్న్‌కి అనుకుంటే, సామాను కోసం సింగపూర్‌లోకి రావాలి. సింగపూర్ మనకి వీసా ఫ్రీ కాదు. అయితే వీసా ఫ్రీ ట్రాన్సిట్ ఫెసిలిటీ అని ఒకటుంది, 96 గంటల దాకా ఉండనిస్తారు. దానికి ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, జపాన్, న్యూజీలాండ్, స్విట్జర్లాండ్, యూకే, అమెరికా ఈ ఎనిమిదింటిలో ఒక దేశం వీసా ఉండాలి, కనీసం నెల రోజుల గడువు మిగిలి ఉండాలి, 96 గంటల్లోపు వెళ్ళిపోయే కన్ఫర్మ్ టికెట్ ఉండాలి, మూడో దేశానికి వెళ్తూనో వస్తూనో ఉండాలి. మన పేరెంట్స్‌కి ఆస్ట్రేలియా వీసా ఎలాగూ ఉంటుంది కాబట్టి వచ్చేటప్పుడు దాదాపు అందరికీ సరిపోతుంది. దీంతోపాటు ఎస్‌జీ అరైవల్ కార్డు మూడు రోజుల్లోపు నింపాలి, అదీ ఫ్రీయే.

అసలు జాగ్రత్త తిరుగు ప్రయాణంలో. విజిట్ వీసా మీద వచ్చినవాళ్ళు చివరిదాకా ఉండి, వీసా ఇంకో పది రోజుల్లో అయిపోతుందనగా బయల్దేరుతారు. అప్పుడు ఆ నెల రోజుల షరతు అడ్డం రావచ్చు. సింగిల్ ఎంట్రీ వీసా వాళ్ళకి వెళ్ళేటప్పుడు ఒక రూల్, వచ్చేటప్పుడు ఒక రూల్ ఉంటాయి, సింగపూర్ ఇమ్మిగ్రేషన్ వాళ్ళ ఐసీఏ పేజీలో రెండు వైపులా విడిగా చదవండి. ఒకవైపు సరిపోయింది కదా అని రెండోవైపు కళ్ళు మూసుకుని కొనొద్దు.

అమ్మకి ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉన్న జ్యూయెల్ మాల్‌లో ఆ 40 మీటర్ల జలపాతం చూడాలని ఉంటే, అది ఇమ్మిగ్రేషన్ బయట ఉంది, లోపల్నుంచి వెళ్ళలేరు. ఒకే బుకింగ్ అయినా సరే దాని దగ్గరికెళ్ళి చూడాలంటే పైన చెప్పిన షరతులన్నీ వర్తిస్తాయి. మా అమ్మ రెండోసారి చూసింది, పావుగంట అక్కడే నిలబడిపోయిందట.

బ్యాంకాక్

ఇక్కడ ఎక్కువ చెప్పను. బ్యాంకాక్‌లో ఎయిర్‌పోర్టులు రెండు, సువర్ణభూమి, డాన్ మువాంగ్. ఎయిర్ ఏషియా డాన్ మువాంగ్‌లో, మిగతావాళ్ళు చాలామంది సువర్ణభూమిలో. సైట్‌లో "బ్యాంకాక్" అని ఒకే పేరు కనిపిస్తుంది, మూడక్షరాల కోడ్ చూడకపోతే ఒకచోట దిగి ఇంకోచోట ఎక్కాల్సి వస్తుంది, మధ్యలో సిటీ ట్రాఫిక్. థాయ్‌లాండ్ 2024 జులై 15న మనవాళ్ళకి 60 రోజుల వీసా ఫ్రీ ఇచ్చింది, దాన్ని తగ్గించాలన్న చర్చలు చాలాసార్లు వచ్చాయి కాబట్టి కొనే వారం ఒకసారి చూసుకోండి. 2025 మే 1 నుంచి టీడీఏసీ అనే డిజిటల్ కార్డు కూడా నింపాలి. కుర్రాళ్ళు రెండు రోజులు ఆగి తిరిగి రావడానికి బాగుంటుంది. పెద్దవాళ్ళకి రెండు ఎయిర్‌పోర్టుల ప్రయాణం నేను పెట్టను.

హో చి మిన్ సిటీ

వియత్నాం లో కాస్ట్ ఎయిర్‌లైన్ వియట్‌జెట్ రేట్లు చూసి చాలామంది అటు మొగ్గుతున్నారు, అక్కడి నుంచి మెల్‌బోర్న్, సిడ్నీ, బ్రిస్బేన్‌కి వాళ్ళ ఫ్లైట్లున్నాయి. ట్రాన్సిట్ ఏరియాలోనే ఉంటే వీసా అక్కర్లేదు. కానీ సామాను కోసం బయటికి రావాలంటే వియత్నాం మనకి వీసా ఫ్రీ కాదు, ముందే ఈ-వీసా తీసుకోవాలి, సింగిల్ ఎంట్రీ 25 అమెరికన్ డాలర్లు, మల్టిపుల్ 50 డాలర్లు, మామూలుగా మూడు పనిదినాలు పడుతుంది. వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి, ఇద్దరికి లెక్కేస్తే 100 డాలర్లు, టికెట్‌లో మిగిలింది అక్కడే పోతుంది. ఫారంలో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా కొట్టాలి. మన పెద్దవాళ్ళ పాస్‌పోర్ట్‌లలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉండటం మామూలే, అలాంటివాళ్ళు టికెట్ మీద, ఈ-వీసా మీద, ఆస్ట్రేలియా వీసా మీద మూడింట్లో పేరు ఒకేలా ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

అన్నీ ఒకచోట

| ఏ ఊరు | ఒకే బుకింగ్, సామాను త్రూ | రెండు బుకింగ్‌లు, సామాను తీసుకోవాలి | బయటికొస్తే నింపాల్సింది | పెద్దవాళ్ళు ఒంటరిగా |
|---|---|---|---|---|
| కౌలాలంపూర్ | వీసా అక్కర్లేదు | వీసా ఫ్రీ, 2026 చివరిదాకా | ఎండీఏసీ | ఫ్లై త్రూ అయితే హాయిగా |
| సింగపూర్ | వీసా అక్కర్లేదు | షరతులతో 96 గంటలు | ఎస్‌జీ అరైవల్ కార్డు | ఒకే బుకింగ్ అయితే చాలా మంచిది |
| బ్యాంకాక్ | వీసా అక్కర్లేదు | వీసా ఫ్రీ, రోజులు మారొచ్చు | టీడీఏసీ | వద్దు |
| హో చి మిన్ సిటీ | వీసా అక్కర్లేదు | ఈ-వీసా తప్పదు | ఈ-వీసా | రెండు బుకింగ్‌లు అయితే వద్దే వద్దు |
| ఢిల్లీ లేదా బెంగళూరు | ప్రశ్నే లేదు | ప్రశ్నే లేదు | ఏమీ లేదు | భాష ఇబ్బంది తక్కువ |

చివరి లైన్ ఎందుకు పెట్టానంటే, ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి మెల్‌బోర్న్, సిడ్నీలకి, క్వాంటాస్ బెంగళూరు నుంచి సిడ్నీకి నేరుగా వెళ్తాయి. ఇవి లో కాస్ట్ కాదు. అయినా రేటు పోల్చేటప్పుడు ఇవీ పక్కన పెట్టుకోండి, ఎందుకంటే లో కాస్ట్ టికెట్‌కి సామాను, భోజనం, సీటు, వీసా అన్నీ కలిపాక తేడా పది పన్నెండు వేలకి దిగిపోవడం నేను చూశాను. ఆ పది వేల కోసం షుగర్ ఉన్న మనిషిని ఇమ్మిగ్రేషన్ లైన్లో నిలబెట్టడం నా మనసుకి ఒప్పలేదు.

ఎవరికి ఏది

పెద్దవాళ్ళు మొదటిసారి, తోడు లేకుండా వస్తుంటే: ఒకే బుకింగ్ తప్ప ఇంకేదీ చూడొద్దు. వైజాగ్, శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళకి స్కూట్, హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్ళకి ఎయిర్ ఏషియా ఫ్లై త్రూ, బడ్జెట్ ఉంటే ఢిల్లీ. వీల్‌చైర్ బుకింగ్‌లోనే అడగండి. రెండు టికెట్లు అయితే రెండింట్లోనూ విడివిడిగా అడగాలి, మొదటివాళ్ళు తోసుకెళ్ళేది వాళ్ళ పని అయ్యేదాకానే.

స్టూడెంట్లు, ఒంటరిగా తిరిగే కుర్రాళ్ళు: చెకిన్ బ్యాగ్ లేకుండా చేతి సామానుతో వెళ్ళేవాళ్ళకి సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ కొంచెం తేలిక, కానీ అది కూడా గ్యారంటీ కాదు, రెండో ఎయిర్‌లైన్ ఆన్‌లైన్ చెకిన్ ఇచ్చి, వీసా కాగితాలు కౌంటర్‌లోనే చూపించాలని అనకపోతేనే లోపల్నుంచి వెళ్ళగలరు. పైగా ఎయిర్ ఏషియాలో చేతి సామాను మొత్తం 7 కిలోలు, స్కూట్‌లో 10 కిలోలు, తూకం వేసి మరీ చూస్తారు. మొదటిసారి ఆస్ట్రేలియా వచ్చే స్టూడెంట్ రెండు పెద్ద పెట్టెలతో వస్తాడు కాబట్టి ఇది అతనికి పనికిరాదు.

చిన్నపిల్లలతో వచ్చే తల్లులు: రేటు కన్నా గ్యాప్ చూడండి. ఫ్లై త్రూలో మూడు నాలుగు గంటలు సరిపోతుంది, రాత్రి పూట పెద్ద గ్యాప్ పడితే కౌలాలంపూర్ టెర్మినల్ 2లో ఇమ్మిగ్రేషన్ దాటకుండానే లోపల ట్రాన్సిట్ హోటల్ ఉంది, గంటల లెక్కన తీసుకోవచ్చు.

సామాను సంగతిలో ఇంకోటి, రెండు బుకింగ్‌లు ఉన్నప్పుడు మొదటిదాంట్లో 30 కిలోలు, రెండోదాంట్లో 20 కిలోలు తీసుకుంటే మధ్యలో ఆ పది కిలోలకి కౌంటర్ రేటు కట్టాలి, అది చాలా ఎక్కువ. ఆవకాయ సీసా చేతి సామానులో పెట్టొద్దు, మధ్యలో మళ్ళీ సెక్యూరిటీ ఉంటుంది, 100 మిల్లీలీటర్ల రూల్ కింద తీసేస్తారు. పెట్టెలో పెట్టినా మెల్‌బోర్న్‌లో దిగేటప్పుడు నింపే అరైవల్ కార్డు మీద ఫుడ్ ఉందని తప్పకుండా టిక్ పెట్టమని చెప్పండి.

అటు గల్ఫ్, యూరప్ వైపు వెళ్ళేవాళ్ళకి

సూత్రం ఇదే. షార్జా మీదుగా ఎయిర్ అరేబియాలో ఒకే బుకింగ్ అయితే వీసా లేదు, కానీ దుబాయ్‌లో దిగి షార్జాలో ఎక్కేలా తీస్తే యూఏఈ వీసా కావాలి. యూరప్‌లో ఇంకా గట్టిది: ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో ఒక ఎయిర్‌పోర్ట్‌లో దిగి ఇంకో షెంగెన్ ఊరికి వెళ్ళాలంటే మొదటి ఊళ్ళోనే ఇమ్మిగ్రేషన్, అక్కడ ట్రాన్సిట్ వీసా పనికిరాదు, మామూలు షెంగెన్ వీసానే కావాలి. లండన్‌లో బయటికి రాకుండా ఫ్లైట్ మారడానికి కూడా మనకి ట్రాన్సిట్ వీసా అడుగుతారు, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వీసా ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొరియర్‌లో పంపాను. అందులో వరసగా: రెండు ఫ్లైట్లూ కనిపించే టికెట్, ఆస్ట్రేలియా వీసా గ్రాంట్ లెటర్ ఇద్దరివీ, తిరుగు టికెట్, అవసరమైతే అరైవల్ కార్డు ప్రింట్, మా ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషులో. నాన్నకి ఒక్కటే నేర్పాను, కౌంటర్‌లో సూట్‌కేసుకి కట్టే ట్యాగ్ మీద చివరి మూడక్షరాలు చూడమని. ఎంఈఎల్ అని ఉంటే మెల్‌బోర్న్ దాకా వెళ్తుంది, కౌలాలంపూర్ కోడ్ కేయూఎల్ అని ఉంటే అక్కడే ఆపి అడగమని. మొన్న మార్చిలో వచ్చినప్పుడు ట్యాగ్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు, కింద "ఎంఈఎల్ ఉంది, పడుకో" అని రాశారు.